ఆఖరి స్టాపు

యెలిత్కోవోలో పట్టాలు అయిపోతాయి.
ట్రాము అక్కడొక చుట్టు తిరిగి
వచ్చిన ముఖాన్నే మళ్ళీ ఊరివైపు పెడుతుంది.
ఆ మలుపులో నాకు ఏడు నిమిషాలు.
టైంటేబుల్లో రాసి ఉన్నవే,
ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు.

ఒకటి మరుగుదొడ్డికి.
ఒకటి ఫ్లాస్కులో టీకి.
ఒకటి సీట్ల మధ్య నడిచి
జనం మరిచిపోయిన గొడుగులు ఏరడానికి.
మిగిలిన నాలుగూ టిఫిన్ డబ్బాలో ఉంటాయి,
రొట్టె కింద, పాత బనియను గుడ్డలో:
అరచేతంత మేపుల్ కొయ్య.
ఇంకా ఒళ్ళు లేని వయొలిన్ తల.

ఉలి తేకూడదు, రూల్సు ఒప్పుకోవు.
గరుకు కాగితం గురించి రూల్సులో ఏమీ లేదు.
అందుకని రుద్దుతాను.
నత్తగుల్లలా మెలిక తిరిగే ఆ అంచును
బొటనవేలితో తడిమి, మళ్ళీ రుద్దుతాను.
"మీ మీద పిండి పడిందమ్మా"
ఎక్కుతూ చెప్పింది ఒక ముసలామె.
"రొట్టెలు చేశానండీ" అన్నాను.
ఎందుకాడానో ఆ అబద్ధం.
ట్రాము నడిపే మనిషి వయొలిన్ చేస్తోందంటే
తర్వాతి ప్రశ్న ఏంటో నాకు తెలుసు:
వాయించడం వచ్చా?
రాదు.

చిన్నప్పుడు మా మెట్ల కింద మరమ్మతు కొట్టుండేది.
అక్కడ ఎవరూ ఏమీ వాయించేవాళ్ళు కాదు.
జిగురు ఉడికే వాసన,
మూతలు ఊడదీసిన పెట్టెల్లో కాస్త చీకటి.
అలాంటి చీకటిని ఒక్కసారి
నా చేత్తో మూసి అతికించాలని.
అంతే.
ఇంతకన్నా మంచి కారణం ఉంటే బాగుండేది.

ఇంట్లో ఉలి పట్టేది బాత్రూంలో,
బట్టల మెషీను మీద పలక వేసుకుని,
పిల్లలు పడుకున్నాక.
తిమెక్ పడుకోడు.
తలుపు కింద నాలుగు వేళ్ళు కనిపిస్తాయి.
"అమ్మా, రేపు నాకు ముళ్ళపంది వేషం."
రాత్రి పదిన్నరకి!
వారం రోజులుగా చిత్రిక పట్టిన స్ప్రూస్ పలక పక్కన పెట్టి
రాలిన పొట్టంతా ఎత్తి
పాత స్వెట్టరు వీపున ఒక్కో చుట్టా అతికించాను.
పొద్దున్నే నా ముళ్ళపంది
అడవి వాసన వేస్తూ బడికెళ్ళింది.
సాయంత్రానికి సగం ముళ్ళు లేవు.

ఫిబ్రవరి అంతా యాగొదాకి దగ్గు.
డబ్బాలో కొయ్య మూడు వారాలు విప్పలేదు.
కొయ్యకు అలగడం తెలీదు.
ఎంత ఎండితే అంత మంచిదట దానికి.
నా సంగతి అలా కాదు.

రాదెక్‌ది షిప్‌యార్డులో రాత్రి డ్యూటీ.
మేం మెట్ల మీద ఎదురుపడతాం,
తాళంచెవులు, దగ్గు మందు వేళలు చేతులు మారతాయి.
ఒకరోజు డబ్బా తెరిస్తే
రొట్టె మీద మడిచిపెట్టిన గరుకు కాగితం.
ఓడల తుప్పు గీకేది అది,
నా మేపుల్‌ని చీల్చేస్తుంది.
తిరిగి ఇవ్వలేదు.
బనియను గుడ్డలో అదీ ఉంది.

మొన్న యాగొదా లెక్క కట్టింది,
నాలుగు నిమిషాలు, రోజుకి ఐదు ట్రిప్పులు,
సెలవులు తీసేసి, జ్వరాలు తీసేసి.
"నీ వయొలిన్ అయ్యేసరికి నాకు పందొమ్మిదమ్మా."
అప్పుడు నువ్వు వాయిద్దువుగాని అనబోయి
నాలుక కరుచుకున్నాను.
నాకు పొట్టయిన చొక్కా కాదు కదా ఇది,
దానికి తొడిగేయడానికి.
"అయితే నాకెంత?" అన్నాను.
అది నవ్వి చెప్పింది. మీకు చెప్పను.

ఈవేళ సముద్రం మీంచి గాలి.
ఇసుక అద్దాలకు కొడుతోంది,
గరుకు కాగితం పని అది కూడా చేస్తోంది.
మెలిక లోపలి వంపులో
పోయిన శరదృతువులో తప్పిన ఉలి గాటు,
ఎంత రుద్దినా పోవడం లేదు.
ఇంకా లోతుకెళితే తలే విరిగిపోతుంది.
ఉండనీ.

ఆరు నిమిషాలు దాటాయి.
గుడ్డ చుట్టాను, మూత పెట్టాను,
గంట కొట్టాను.
ఒలీవా దాకా
హ్యాండిల్ మీద నా వేళ్ళ తెల్లటి అచ్చులు.